మిణుకుతూ వచ్చి నెత్తి మీద మాయమైన చుక్క: అది ఏమై ఉంటుంది, ఎలా తేల్చాలి

మీరు రాసినదాన్ని ముందు ఒకచోట పెడతాను, మిగతావాళ్లకూ అర్థమవుతుంది. పొద్దుగూకిన దాదాపు రెండు గంటలకు ఉత్తరం నుంచి ఒక చుక్క బయల్దేరి ఆగ్నేయం వైపు వెళ్లింది. చప్పుడు లేదు, ఎర్ర దీపం లేదు. నాలుగైదు సెకన్లకోసారి బాగా వెలిగి, మళ్లీ కనిపించీ కనిపించనంతగా తగ్గింది. నడినెత్తి దాటిన కాసేపటికి, ఆకాశంలో మబ్బు తునక లేకపోయినా, కొద్ది సెకన్లలో ఆరిపోయింది. ఫోన్‌లో యాప్ చూస్తే ఆ టైముకి అంతరిక్ష కేంద్రం ఏదీ లేదంది. డ్రోనా, విమానమా, ఇంకేదైనానా అని మీ సందేహం.

డ్రోనూ కాదు, విమానమూ కాదు. ఎప్పుడో ఒక ఉపగ్రహాన్ని మోసుకెళ్లి కక్ష్యలో వదిలేసి, తనూ అక్కడే ఉండిపోయిన రాకెట్ చివరి దశ అని నా అంచనా. ఎత్తు 800 కిలోమీటర్లకు అటూ ఇటూ ఉండాలి. పేరు చెప్పాలంటే ఇంకో రెండు వివరాలు కావాలి, వాటి సంగతి తర్వాత. పేరు తెలియకుండానే ఇంతవరకు చెప్పడానికి కావలసిన ఆధారాలన్నీ మీరు రాసిన ఆ నాలుగు వాక్యాల్లోనే ఉన్నాయి. యాప్ తెరవకముందే చేయగలిగిన పని ఇది. యాప్ చెప్పలేదు కాబట్టి ఏమీ లేదు అనుకునేవాళ్లకు ఆకాశంలో సగం వినోదం దక్కదు.

మొదట ఆరిపోవడం సంగతి చూద్దాం, అసలు కీలకం అదే. ఈ వస్తువులకు సొంత వెలుగు లేదు. మనం చూసేది వాటి మీద పడిన ఎండ. కింద ఊళ్లో చీకటి పడ్డాక కూడా కొండ కొమ్ము మీద కాసేపు ఎండ నిలిచినట్టే, మనకు రాత్రి అయినా పైన వందల కిలోమీటర్ల ఎత్తులో ఇంకా పగలే. సూర్యుడు దిగంతం కిందికి దిగేకొద్దీ భూమి నీడ తూర్పు నుంచి పైకి లేస్తూ నడినెత్తికి వస్తుంది. ఆ నీడ అంచు నెత్తి మీద ఎంత ఎత్తులో ఉందో లెక్క కట్టడం తేలిక. సూర్యుడు దిగంతానికి 10 డిగ్రీల కింద ఉంటే అది దాదాపు 100 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. 15 డిగ్రీలైతే 225, 20 అయితే 410, 25 అయితే 660, 30 అయితే 985 కిలోమీటర్లు. అంతకంటే కింద ఉన్నదేదైనా నీడలో ఉన్నట్టే, కనపడదు.

ఉష్ణమండలంలో సూర్యుడు గంటకు దాదాపు 14 డిగ్రీల చొప్పున దిగుతాడు. రెండు గంటలకు 27, 28 డిగ్రీలు అనుకోండి. అంటే నెత్తి మీద 800 కిలోమీటర్ల లోపు ఉన్నవన్నీ అప్పటికే చీకట్లో మునిగిపోయి ఉంటాయి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం 420 కిలోమీటర్ల దగ్గర తిరుగుతుంది, చైనా వాళ్ల టియాంగాంగ్ ఇంకొంచెం కింద. హబుల్ టెలిస్కోపు 500 దగ్గర, ఇంటర్నెట్ అందించే స్టార్‌లింక్ ఉపగ్రహాలు ఎక్కువ భాగం 550 దగ్గరో ఇంకాస్త కిందో. వీటిలో ఏదీ ఆ టైములో మీ నెత్తి మీద వెలగలేదు. మీ చుక్క మాత్రం నడినెత్తి దాకా వెలుగుతూ వచ్చి, అక్కణ్ణుంచి తూర్పు వైపు వాలుతూ నీడలోకి వెళ్లింది. కాబట్టి దాని ఎత్తు ఆ నీడ అంచుకు కాస్త పైనే ఉండాలి. యాప్‌లో ఉండే పేరుమోసిన నాలుగూ ఒక్క దెబ్బతో జాబితాలోంచి పోయాయి.

ఇక్కడో జాగ్రత్త. పై లెక్క సూర్యుడి లోతు మీద ఆధారపడింది, గడియారం మీద కాదు. ధ్రువాలకు దగ్గరగా ఉండే ప్రాంతాల్లో వేసవిలో సూర్యుడు రాత్రంతా దిగంతానికి కాస్త కిందే తచ్చాడతాడు. అక్కడ అర్ధరాత్రి కూడా అంతరిక్ష కేంద్రం దర్జాగా కనిపిస్తుంది. మీరున్న చోట ఆ నిమిషానికి సూర్యుడు ఎన్ని డిగ్రీల కింద ఉన్నాడో స్టెల్లారియం లాంటి ఉచిత ప్రోగ్రామ్‌లో చూసుకుంటే చాలు.

రెండో ఆధారం వేగం. దీన్ని మీరు రాయలేదు, ఈసారి చూడండి. చేయి బారజాపి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు ఆకాశంలో దాదాపు 10 డిగ్రీలు. చుక్క నడినెత్తికి దగ్గరగా ఉన్నప్పుడు ఆ పిడికిలంత దూరం దాటడానికి ఎంతసేపు పట్టిందో మనసులో లెక్కపెట్టండి. అంతరిక్ష కేంద్రానికి దాదాపు 10 సెకన్లు పడుతుంది. 840 కిలోమీటర్ల ఎత్తు వస్తువుకి 20 సెకన్లు. పైన ఉన్నది నెమ్మదిగా నడుస్తున్నట్టు కనిపిస్తుంది, నిజంగా కక్ష్యా వేగంలో పెద్ద తేడా లేదు: ఒకటి సెకనుకు 7.66 కిలోమీటర్లు, రెండోది 7.4. దూరమే తేడా. వేగంతో వచ్చిన ఎత్తు, నీడతో వచ్చిన ఎత్తు సుమారుగా కలిశాయంటే మీ పరిశీలన గట్టిదే.

ఇక మిణుకు. విమానం దీపాలు టకటకమని కొడతాయి, మధ్యలో పూర్తిగా చీకటి. మీరు చూసింది అలా కాదు, మెల్లగా పెరిగి మెల్లగా తగ్గింది. పనిచేస్తున్న ఉపగ్రహం సాధారణంగా ఒక దిక్కుకు నిలకడగా చూస్తూ ఉంటుంది, దాని యాంటెన్నాలకూ సౌరఫలకాలకూ అది అవసరం. కాబట్టి దాని వెలుగు సాఫీగా మారుతుంది, మహా అయితే ఒకసారి ఫలకం తళుక్కుమంటుంది. లయబద్ధంగా మళ్లీ మళ్లీ వెలిగి తగ్గేది అదుపు లేకుండా దొర్లుతున్న వస్తువు. పొడవాటి స్థూపం లాంటి రాకెట్ దశ తలకిందులుగా తిరుగుతుంటే, దాని పొడుగు పక్క మన వైపు వచ్చినప్పుడు బాగా వెలుగుతుంది, మూతి గానీ అడుగు గానీ మన వైపు వచ్చినప్పుడు తగ్గిపోతుంది. ఒక పూర్తి చుట్టులో పొడుగు పక్క రెండుసార్లు వస్తుంది కాబట్టి, మీరు చూసిన నాలుగైదు సెకన్ల విరామానికి అసలు చుట్టు దాదాపు దానికి రెట్టింపు అయి ఉండొచ్చు. చచ్చిన ఉపగ్రహాలు కూడా దొర్లుతాయి, ఆ అవకాశాన్ని కొట్టిపారేయను. కానీ ఆ ఎత్తులో, మామూలు కంటికి కనిపించేంత పెద్దవిగా, దొర్లుతూ తిరిగేవాటిలో రాకెట్ దశలదే పైచేయి.

దిక్కు కూడా ఏదో చెబుతుంది. ఎక్కువ ప్రయోగాలు భూభ్రమణం సాయం తీసుకుంటూ తూర్పు వైపు కొంతైనా మొగ్గుతాయి, అందుకే పడమటి నుంచి తూర్పుకు వెళ్లేవీ, ఉత్తర దక్షిణాలుగా వెళ్లేవీ మామూలు. ఉత్తరం నుంచి కాస్త తూర్పుకు వాలుతూ దిగిందంటే కక్ష్య వంపు, అంటే భూమధ్యరేఖతో కక్ష్య చేసే కోణం, 70, 80 డిగ్రీల్లో ఉందని అర్థం. సూర్య అనువర్తన కక్ష్యల్లోవి (ఏ చోటి మీదికైనా రోజూ దాదాపు ఒకే స్థానిక సమయానికి వచ్చేవి), అంటే 98 డిగ్రీల వంపువి, దిగేటప్పుడు కాస్త పడమటికి వాలతాయి. నేరుగా తూర్పు నుంచి పడమటికి వెళ్లేది కనిపించిందంటే అది అరుదు. ఇజ్రాయెల్ తన ఓఫెక్ నిఘా ఉపగ్రహాలను మధ్యధరా సముద్రం మీదుగా పడమటికే పంపుతుంది. తూర్పు వైపు పంపితే రాకెట్ పొరుగు దేశాల మీదుగా పోతుంది మరి. అలాంటి చుక్క చూస్తే నాకు మాత్రం పండగే.

ఇప్పుడు ఆ రాకెట్ దశల సంగతి. కక్ష్యలో ఇవి దాదాపు రెండు వేలు ఉన్నాయి. ఉపగ్రహాన్ని వదిలేసిన చివరి దశ కూడా అదే కక్ష్యలో, అదే వేగంతో ఉంటుంది. తనను తాను కిందికి దింపుకునే ఏర్పాటు లేకపోతే అక్కడే తిరుగుతుంది. 400 కిలోమీటర్ల దగ్గరైతే పలుచటి గాలి రాపిడికి ఏడాదిలోనో కాస్త ఎక్కువలోనో పడిపోతుంది. 800 దాటితే వందల ఏళ్లు కదలదు. కక్ష్యలో ఉన్న వస్తువుల జాబితాల్లో వీటి పేరు చివర ‘ఆర్/బి’ అని ఉంటుంది, రాకెట్ బాడీ అని. ‘డెబ్’ అంటే శకలం. శకలాల్లో చాలావరకు కంటికి కనపడవు కాబట్టి వాటి జోలికి పోనక్కర్లేదు.

పేరు ముందు ‘ఎస్ఎల్’ అని ఉంటే సోవియట్, రష్యా రాకెట్లు. అమెరికా రక్షణ శాఖ వాటికి పెట్టుకున్న కోడ్ పేర్లు అవి. ఎస్ఎల్-4 అంటే సోయుజ్, ఎస్ఎల్-8 అంటే కాస్మోస్-3ఎం, ఎస్ఎల్-14 అంటే సిక్లోన్-3, ఎస్ఎల్-16 అంటే జెనిట్-2. ‘సీజెడ్’ అంటే చైనా లాంగ్ మార్చ్. పీఎస్ఎల్‌వీ, యూరప్ ఏరియన్, జపాన్ హెచ్-2ఎ అవే పేర్లతో ఉంటాయి. ఎస్ఎల్-8 దశలు వందల్లో ఉన్నాయి, 6 మీటర్ల పొడవు, 2.4 మీటర్ల అడ్డుకొలత. మామూలుగా బైనాక్యులర్‌లో బాగుంటాయి, అనుకూలిస్తే కంటికీ అందుతాయి. ఎస్ఎల్-16 మాత్రం మహారాజు. 10 మీటర్లకు పైగా పొడవు, దాదాపు 4 మీటర్ల అడ్డం, 8 టన్నులకు పైగా బరువు, 71 డిగ్రీల వంపు, 840 కిలోమీటర్ల ఎత్తు. దగ్గరగా వచ్చినప్పుడు ధ్రువ నక్షత్రం అంతో, అంతకంటే కాస్త ఎక్కువో వెలుగుతుంది. అంతరిక్ష చెత్త గురించి బెంగపడేవాళ్లకు ఇవి పీడకల, ఎందుకంటే ఒకే ఎత్తులో డజనుకు పైగా ఇంత బరువైనవి ఒకదాని దారిని ఒకటి కోస్తూ తిరుగుతున్నాయి. చూసేవాళ్లకు మాత్రం విందే. మీది వీటిలో ఒకటి కావచ్చు, లేదా వెయ్యి కిలోమీటర్లకు కాస్త కింద 83 డిగ్రీల వంపుతో తిరిగే ఎస్ఎల్-8 కావచ్చు. మీరు రాసిన దారి రెంటికీ సరిపోతుంది.

ఈ సరదా కొత్తదేమీ కాదు. 1957 అక్టోబరు 4న స్పుత్నిక్-1 వెళ్లాక లోకమంతా ఆకాశం కేసి చూసింది కదా, జనం కంటితో చూసి స్పుత్నిక్ అనుకున్నది చాలావరకు స్పుత్నిక్ కాదు. ఆ గోళం 58 సెంటీమీటర్లే, మంచి చీకట్లో కూడా కంటికి అందీ అందని వెలుగు. దానితోపాటు కక్ష్యలోకి వెళ్లిన 25 మీటర్లకు పైగా పొడవున్న ఆర్-7 రాకెట్ మధ్య దశనే జనం చూశారు. అది డిసెంబరులో పడిపోయింది, గోళం 1958 జనవరి మొదట్లో. అంటే మనిషి కంటితో చూసిన మొట్టమొదటి కక్ష్యా వస్తువు ఒక ఖాళీ రాకెట్టే. ఆ రోజుల్లో అమెరికాలో ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ విప్పుల్ మొదలుపెట్టిన మూన్‌వాచ్ అనే కార్యక్రమంలో విద్యార్థులూ గృహస్థులూ చిన్న టెలిస్కోపులతో వరసగా కూర్చుని ఒక్కొక్కరు ఆకాశంలో ఒక్కో ముక్క కాపలా కాసేవారు, ఎవరి ముక్కలోంచి చుక్క దాటితే వాళ్లు టైము చెప్పేవారు. మనం చేసేదీ ఇప్పటికీ అంతే.

అలాంటి రాకెట్ దశ దగ్గర నుంచి ఎలా ఉంటుందో చూడాలనుంటే 2024లో జపాన్ వాళ్ల అడ్రాస్-జె అనే వ్యోమనౌక తీసిన ఫొటోలు వెతకండి. 2009లో ప్రయోగించిన హెచ్-2ఎ రాకెట్ పైదశ దగ్గరికి వెళ్లి తీసినవి, 11 మీటర్ల పొడవున్న వస్తువు అది. ఆ దశ దొర్లకుండా నిలువుగా నిలకడగా ఉందని కూడా అలాగే తేలింది. భూమి గురుత్వం పొడవాటి వస్తువుల్ని అలా నిలువుగా సర్దుతుంది. మరికొన్నిటి చుట్టు ఏళ్లు గడిచేకొద్దీ మందగిస్తుంది, ఎందుకంటే భూమి అయస్కాంత క్షేత్రంలో తిరిగే లోహంలో పుట్టే విద్యుత్ ప్రవాహాలు బ్రేకులా పనిచేస్తాయి. కాబట్టి మిణుకే లేని రాకెట్ దశలూ బోలెడు ఉంటాయి, మిణుకు లేదు కాబట్టి రాకెట్ కాదు అనుకోవద్దు.

సరే, పేరు తేల్చడం ఎలా? రెండు చోట్ల, రెండు టైములు. ఇదొక్కటి చేస్తే మిగతాది కంప్యూటర్ పని. ‘ఉత్తరం నుంచి వచ్చింది, ఎనిమిదిన్నర ప్రాంతంలో’ అంటే ఆ పావుగంటలో ఆ దారిన పోయినవి అరడజను ఉంటాయి. అదే ‘8 గంటల 41 నిమిషాల 20 సెకన్లకు స్వాతికీ చిత్తకీ సరిగ్గా మధ్యలోంచి దాటింది, 43 నిమిషాల 5 సెకన్లకు జ్యేష్ఠకు రెండు వేళ్ల ఎడమన ఆరిపోయింది’ అంటే ఒక్కటే మిగులుతుంది. డిగ్రీలు, కోణాలు తెలియకపోయినా ఫరవాలేదు, చుక్కల మధ్య దారి చెప్తే చాలు. చుక్కల పేర్లు రాకపోతే ఆ దిక్కుకు ఫోన్ పెట్టి ఒక ఫొటో తీసుకోండి, తర్వాత పోల్చుకోవచ్చు. టైము మాత్రం ఫోన్ గడియారంలో సెకన్లతో సహా చూడాలి. చేతిగడియారం ఒక నిమిషం తేడాగా ఉందంటే లెక్కంతా తప్పుతుంది, ఒక నిమిషంలో ఆ వస్తువు 450 కిలోమీటర్లు వెళ్లిపోతుంది.

ఆ తర్వాత హెవెన్స్-అబవ్ సైట్‌కి వెళ్లి, ప్రకాశవంతమైన ఉపగ్రహాల రోజువారీ పట్టిక తెరవండి. అందరూ చేసే పొరపాటు లొకేషన్ పెట్టకపోవడం. పెట్టకపోతే సున్నా అక్షాంశం సున్నా రేఖాంశం, అంటే ఆఫ్రికా పక్కన సముద్రం మధ్యలో ఉన్నట్టు అనుకుని పట్టిక ఇస్తుంది. టైమ్ జోన్ కూడా చూసుకోండి. పట్టికకు వెలుగు పరిమితి ఉంటుంది, దాన్ని మాగ్నిట్యూడ్ 4 కి గానీ 4.5 కి గానీ మార్చండి. ఈ లెక్కలో అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది: శుక్రుడు మైనస్ 4, లుబ్ధకుడు మైనస్ 1.5, ధ్రువ నక్షత్రం 2, మంచి చీకట్లో కంటి హద్దు 6. పట్టికలోని అంకెను మాత్రం వేదవాక్కుగా తీసుకోవద్దు. దొర్లే వస్తువు విషయంలో ఒకటి రెండు మాగ్నిట్యూడ్‌ల తేడా మామూలే.

పట్టికలో ప్రతి వరసకూ మూడు చోట్ల టైము, ఎత్తు, దిక్కు ఉంటాయి: మొదలు, అత్యధిక ఎత్తు, ముగింపు. ముగింపు గడిలో ఎత్తు 10 డిగ్రీలు అని ఉంటే అది దిగంతం దాకా కనిపిస్తూ దిగిపోతుందని అర్థం. 58 అనో 64 అనో ఉంటే నడి ఆకాశంలో నీడలోకి వెళ్తుందని అర్థం. మీ విషయంలో ఈ రెండో రకం వరసలే చూడాలి, అందులో అత్యధిక ఎత్తు 80 దాటినవి ఒకటో రెండో ఉంటాయి. దాని మీద నొక్కితే చుక్కల పటం మీద గీత వస్తుంది. గీత మీరు చూసిన దారితో, టైము మీ టైముతో సరిపోయిందా, పని అయిపోయింది.

ఇవన్నీ ఎక్కడి నుంచి వస్తాయంటే ఒక్కో వస్తువు కక్ష్యను చెప్పే టీఎల్ఈ అనే రెండు వరసల అంకెల నుంచి. సెలెస్‌ట్రాక్, స్పేస్-ట్రాక్ సైట్లలో దొరుకుతాయి. మొదటిసారి చూస్తే తల తిరుగుతుంది గానీ మనకు కావలసినవి రెండో వరసలో మూడే: మొదట జాబితా సంఖ్య, దాని పక్కనే కక్ష్య వంపు, చివర్లో రోజుకు ఎన్ని చుట్లు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి 25544, 51.6, దాదాపు 15.5. ఎస్ఎల్-16 దశకైతే వంపు 71, చుట్లు 14.1 పైచిలుకు. ఇవి తాజాగా ఉండాలి. కింది కక్ష్యలోవి వారం దాటితే నమ్మలేం, అంతరిక్ష కేంద్రం ఇంజిన్లు మండించి ఎత్తు పెంచుకుందంటే నిన్నటివి కూడా ఇవాళ్టికి నిమిషాల తేడా చూపిస్తాయి. 840 కిలోమీటర్ల దగ్గర చచ్చిపడున్న రాకెట్‌కి ఆ గొడవ లేదు, రెండు వారాల పాతవైనా పనికొస్తాయి.

బైనాక్యులర్ ఉంటే ఇంకా బాగుంటుంది. 7×50 గానీ 10×50 గానీ చాలు, అంతకన్నా పెద్దవి చేతిలో వణుకుతాయి. కదిలే చుక్క వెంట బైనాక్యులర్ తిప్పి పట్టుకోవాలని చూడొద్దు, కొత్తలో అది కుదరదు. పట్టిక ప్రకారం అది ఏ చుక్క పక్కనుంచి పోతుందో ముందే చూసి, ఒకటి రెండు నిమిషాల ముందు నుంచీ ఆ చుక్కను మధ్యలో పెట్టుకుని కదలకుండా ఆగండి. ఉదాహరణకు అభిజిత్ పక్కనుంచి పోతుందనుకోండి. అభిజిత్ మధ్యలో వెలుగుతూ ఉంటుంది, చేతులు నొప్పి పుడతాయి, ఏమీ రాదేమో అనిపిస్తుంది, అంతలో పై అంచు నుంచి ఒక మసక నలుసు దూరుతుంది. మధ్యకు వచ్చేసరికి అది పెరిగి పెరిగి అభిజిత్‌తో పోటీ పడేంత అవుతుంది, ఒక్క క్షణం ఆగి మళ్లీ నలుసైపోతుంది. అప్పుడు దాని వెంట తిరగడం మొదలుపెట్టండి. కంటికి పూర్తిగా ఆరినట్టు కనిపించిన చోట కూడా బైనాక్యులర్‌లో అది ఉంటుంది, అందుకే మిణుకు లెక్కకు ఇది మేలు.

లెక్క ఎలాగంటే, ఒక మిణుకుకీ ఇంకో మిణుకుకీ మధ్య కొలవొద్దు. ఒక వెలుగు శిఖరం దగ్గర స్టాప్‌వాచ్ నొక్కి, సున్నా అనుకుని, పదో వెలుగు దగ్గర ఆపి పదితో భాగించండి. వేలి తడబాటు పదో వంతుకు తగ్గిపోతుంది. పాస్ (చుక్క ఒకసారి ఆకాశం దాటడం) మొదట్లో వచ్చిన విరామానికీ చివర్లో వచ్చినదానికీ కాస్త తేడా వస్తే కంగారు పడొద్దు. వస్తువు అదే వేగంతో తిరుగుతున్నా, అది మన ముందు నుంచి సాగిపోతుంటే మనం చూసే కోణం మారుతుంది కాబట్టి ఆ తేడా వస్తుంది.

పొరబడే అవకాశం ఉన్నవాటిని త్వరగా చెప్పేస్తాను. ఒకదాని వెనక ఒకటి రైలు పెట్టెల్లా పదులకొద్దీ చుక్కలు పోతే అవి కొత్తగా ప్రయోగించిన స్టార్‌లింక్‌లు. 2019 మేలో మొదటి 60 వెళ్లినప్పటి నుంచీ చాలామందికి అనుభవమే, కొద్ది రోజుల్లో విడిపోయి పైకి వెళ్లాక అంతగా కనపడవు. రాత్రి బాగా గడిచాక, సూర్యుడు కింద ఏ దిక్కున ఉన్నాడో ఆ దిక్కున దిగంతానికి కాస్త పైన ఒకే ప్రాంతంలో మళ్లీ మళ్లీ తళుకులు కనిపిస్తే అవీ స్టార్‌లింక్‌లే. విమాన పైలట్లు వీటిని చూసి ఎగిరే పళ్లేలని రిపోర్టులు ఇచ్చిన సందర్భాలున్నాయి. మూడు చుక్కలు త్రికోణంలా చెదరకుండా కలిసి వెళ్తే చైనా యావోగాన్ ఉపగ్రహాలు, రెండైతే అమెరికా నౌకాదళపు జంట కావచ్చు. రెండూ 1,100 కిలోమీటర్ల దగ్గర తిరుగుతాయి. పాత పుస్తకాల్లో ఊరించే ఇరిడియం ఫోన్ ఉపగ్రహాల తళుకుల కోసం మాత్రం కళ్లు కాయలు కాసేలా చూడకండి, ఆ మొదటి తరంలో అదుపులో ఉన్నవాటిని దాదాపు అన్నిటినీ దింపేశారు.

ఆకాశంలో పాలపొడి చల్లినట్టు పెద్ద సుడి కనిపించిందంటే అది ఫాల్కన్-9 రెండో దశ మిగిలిన ఇంధనాన్ని తిరుగుతూ బయటికి వదలడం. 2022 జూన్‌లో న్యూజిలాండ్ మీద, 2025 మార్చి 24న యూరప్ మీద ఇదే కనిపించింది. కొద్ది నిమిషాల్లో కరిగిపోతుంది.

రాకెట్ దశ తిరిగి వాతావరణంలోకి పడటం దీనికి పూర్తిగా వేరు, దాన్ని ఉల్క అనుకునేవాళ్లే ఎక్కువ. ఉల్క సెకనుకు 11 నుంచి 72 కిలోమీటర్ల వేగంతో దూకుతుంది, ఒకటి రెండు సెకన్లలో అయిపోతుంది. రాకెట్ దశ 7.8 కిలోమీటర్ల వేగంతో దాదాపు దిగంతానికి సమాంతరంగా, నారింజ రంగు తోకలతో ముక్కలు ముక్కలుగా, అర నిమిషం పైగా సాగుతూ పోతుంది. 2022 ఏప్రిల్ 2 సాయంత్రం మహారాష్ట్ర, గుజరాత్, మధ్యప్రదేశ్ ఆకాశంలో కనిపించింది లాంగ్ మార్చ్-3బి మూడో దశ. చంద్రాపూర్ జిల్లాలో దాని లోహపు రింగూ గోళాలూ దొరికాయి. అలాంటివి కనిపిస్తే టైము రాసుకోండి. నేల మీద ముక్క దొరికితే మాత్రం చేత్తో ముట్టుకోవద్దు, విషపూరిత ఇంధనం మిగిలి ఉండొచ్చు. పోలీసులకు చెప్పండి.

అంతరిక్ష కేంద్రాన్ని తక్కువ చేస్తున్నానని అనుకోవద్దు. అది నీడలోకి వెళ్లే చివరి పది సెకన్లు బైనాక్యులర్‌లో ఒకసారి చూడండి. తెల్లగా మెరిసేది పసుపుకి, తర్వాత ముదురు నారింజకి, తర్వాత ఎర్రటి నలుసుకి దిగుతుంది. పైన ఉన్న ఆ కేంద్రానికి అదే క్షణంలో సూర్యాస్తమయం అవుతోంది, దాని మీద పడే వెలుగు మన వాతావరణం గుండా వడకట్టుకుని పోతోంది. ఏదైనా వ్యోమనౌక దాని దగ్గరికి చేరుతున్న రోజుల్లో ముందో వెనకో ఇంకో చిన్న చుక్క దాన్ని అంటిపెట్టుకుని కనిపిస్తుంది. ఆకాశంలో దాదాపు 6 నిమిషాలు ఉంటుంది. దిగంతం దగ్గర 1,500 కిలోమీటర్ల దూరంలో ఉన్నది నెత్తి మీదికి వచ్చేసరికి 420కి చేరుతుంది కాబట్టి, మసగ్గా మొదలై ధగధగలాడుతుంది. కక్ష్య మెల్లగా పక్కకు తిరుగుతుండటం వల్ల దాని పాస్‌లు రోజుకు 24 నిమిషాల చొప్పున ముందుకు, అంటే ఇంకా పెందలాడే టైముకి, జరుగుతాయి. కాబట్టి వారం పది రోజులు సాయంత్రాలు దర్శనమిచ్చి, తర్వాత మాయమై, మళ్లీ తెల్లవారుజామున మొదలవుతుంది. ఈ రోజు పాస్ లేదని యాప్ అంటే అది పాడైందని కాదు.

మీ చుక్కకు మాత్రం ఈ జరుగుడు అంత వేగం కాదు. ఎస్ఎల్-16 అయితే రోజుకు 12 నిమిషాలే. అంటే ఇంకో వారం పాటు అది మీకు సాయంత్రం పూటే దొరుకుతుంది, రోజూ అదే దారిన కాదు, ఒకరోజు తూర్పు పక్కగా, ఒకరోజు పడమటి పక్కగా. పడమటి పాస్‌లు నీడకు దూరం కాబట్టి దిగంతం దాకా కనిపిస్తాయి. కానీ అటువైపు ఎండ వస్తువు వెనక నుంచి పడుతుంది కనుక వెలుగు కాస్త తక్కువ. తూర్పు పాస్‌లు త్వరగా ఆరిపోతాయి, కానీ ఉన్నంతసేపూ ఎండ మన వెనక నుంచి నేరుగా దాని మీద పడుతుంది, మిణుకు బాగా తేలుతుంది. అందుకే మీరు తూర్పు పాస్ ఎంచుకుని, సూర్యాస్తమయం అయిన 40 నిమిషాల నుంచీ బయట ఉండండి. పది మిణుకుల మొత్తం టైము, ఒక చుక్క పక్కనుంచి దాటిన టైము, ఆరిపోయిన చోటు, ఈ మూడూ మీ ఊరి అక్షాంశ రేఖాంశాలతో ఇక్కడే రాయండి. వరస సంఖ్యతో సహా అది ఏ ఏడాది ఏ ప్రయోగం తాలూకుదో చూసి చెబుతాను. ప్రయోగపు గుర్తులో ఉపగ్రహానికి సాధారణంగా ‘ఎ’, దాన్ని మోసుకెళ్లిన రాకెట్‌కి ‘బి’ అక్షరం ఇస్తారు. మీదాని చివర ‘బి’ వస్తుందనే నా పందెం.